జబ్బు పేరు మారితే మనిషి మారిపోరు

"మూడేళ్లుగా డిప్రెషన్ అని మందులు వాడించారు. ఇప్పుడేమో బైపోలార్ అంటున్నారు. అసలు వీళ్లకేమైనా తెలుసా?" మానసిక వైద్యుల గది బయట బెంచీల మీద ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఆ కోపం సహజమే. కానీ ఆ కోపంలోనే కొందరు ఫైలు అటకెక్కించి, మందులు మానేసి, తాయెత్తులు కట్టేవాళ్ల దగ్గరికి బయలుదేరతారు. వైద్యం తెగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఈ మలుపు చుట్టూ అల్లుకున్న అపోహలను విడమర్చి చెప్పుకోవాలి.

అపోహ: మొదటి డాక్టరుకు ఏమీ తెలియదు, ఇన్నాళ్లూ జరిగింది తప్పుడు వైద్యం.

వాస్తవం: షుగరుకు రక్తపరీక్ష ఉంది, విరిగిన ఎముకకు ఎక్స్‌రే ఉంది. ఇది డిప్రెషనా, బైపోలారా అని తేల్చి చెప్పే రక్తపరీక్షగానీ స్కానుగానీ ఇప్పటికీ లేదు. రోగి చెప్పిందీ, ఇంట్లోవాళ్లు చూసిందీ, డాక్టరు స్వయంగా గమనించిందీ కలిపి నిర్ధారణ చేస్తారు. కుంగుబాటు, ఉద్రేకం మారిమారి వచ్చే బైపోలార్ చాలామందిలో మొదట కుంగుబాటుగానే బయటపడుతుంది. ఏడుపు, నిద్రలేమి, చావు ఆలోచనలతో వచ్చిన మనిషికి అంతకుముందు ఉద్రేకం పొంగిన రోజులు లేకపోతే డిప్రెషన్ అని రాయడం తప్పు కాదు. ఆ రోజుకు సరైన మాట అదే.

అలాంటి రోజులు ఉన్నా చాలాసార్లు ఆ సంగతి డాక్టరు దాకా చేరదు. మూడు గంటలే పడుకున్నా అలుపు లేకపోవడం, మాటకు అడ్డూఆపూ లేకపోవడం, ఒకేసారి నాలుగు వ్యాపారాలకు పథకాలు వేయడం, అప్పు చేసి మరీ ఖర్చు పెట్టడం, చిన్నమాటకే కస్సుమనడం. ఇలాంటివి కొన్ని కలిసి కనీసం నాలుగు రోజులు వరసగా ఉంటే హైపోమేనియా అనీ, వారం పాటు ఉండి జీవితాన్ని అతలాకుతలం చేస్తే మేనియా అనీ అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎమ్ చెబుతుంది. ఇంట్లోవాళ్లేమో "హమ్మయ్య, మళ్లీ మామూలు మనిషయ్యాడు" అనుకుంటారు. బాగున్నానని ఆసుపత్రికి ఎవరు వెళతారు? అమెరికాలో 2000లో బైపోలార్ రోగులను అడిగి చేసిన ఒక సర్వేలో 69 శాతం మందికి మొదట వేరే జబ్బు పేరు చెప్పారని తేలింది. అలా చెప్పిన పేర్లలో డిప్రెషనే ఎక్కువ. సరైన పేరు తెలియడానికి మూడోవంతు మందికి పైగా పదేళ్లో, అంతకన్నా ఎక్కువో పట్టింది.

కాలం కూడా నిర్ధారణలో భాగమే. గొంతులు వినిపిస్తున్నాయని, ఎవరో వెంటాడుతున్నారని భయపడే కుర్రాణ్ని మొదటి వారంలో చూసిన డాక్టరు స్కిజోఫ్రీనియా అని రాయడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఆ లక్షణాలు కనీసం నెల్లాళ్లు ఉండాలి. డీఎస్ఎమ్ ప్రకారం జబ్బు జాడలు ఆరు నెలలు కనిపించాలి. కాబట్టి మొదట ఒక పేరు రాసి, ఏడాది తర్వాత మరో పేరు రాసిన డాక్టరు రెండుసార్లూ సరిగ్గానే రాసి ఉండొచ్చు.

అలాగని నిర్లక్ష్యం జరగదని నేననను. అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపేసి, పాత సంగతులు ఒక్కసారైనా అడగని చోట పొరపాటు జరుగుతుంది. దానిమీద కోపం న్యాయమే. ఆ కోపం ఆ డాక్టరు మీద ఉండనివ్వండి, వైద్యం మీదకు మళ్లించకండి.

అపోహ: పేరు ఏదైతేనేం, పాత మాత్రలే వాడుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఒక్క డిప్రెషన్ మాత్రలే వాడితే బైపోలార్ ఉన్న కొందరిలో మేనియా రేగే ప్రమాదం ఉంది. డాక్టరు కొత్త పేరు రాయడానికి ఒక్కోసారి అదే కారణం కూడా. అప్పుడు లిథియం, వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్ వంటి మందులు ముందుకొస్తాయి. లిథియం కొత్తది కాదు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలో ఉన్న రోగుల మీద దాని ప్రభావాన్ని 1949లోనే ప్రకటించారు. ఇప్పటికీ ఈ జబ్బుకు ముఖ్యమైన మందుల్లో అదొకటి.

అయితే లిథియం వాడేవారు మన ఎండల్లో చాలా జాగ్రత్తగా ఉండాలి. రక్తంలో దాని మోతాదు తక్కువైతే పని చేయదు, కాస్త ఎక్కువైతే విషం. చెమట కారి ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలు పట్టుకున్నా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా ఆ మోతాదు పెరిగిపోతుంది. ఒళ్లు నొప్పులని మందుల షాపులో అడిగి కొనుక్కునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తంలో లిథియం, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవడం వైద్యంలో భాగం, డబ్బు గుంజే ఎత్తుగడ కాదు.

పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లు వాల్‌ప్రోయేట్ గురించి తప్పక అడగాలి. గర్భంలో ఉన్న బిడ్డకు అది హాని చేయగలదు. పెళ్లి కుదిరిందన్న సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంటే జరిగే నష్టం చిన్నది కాదు.

పాత మందైనా సొంతంగా ఒక్కసారే ఆపేయకండి. ఏది ఎలా తగ్గించాలో, కొత్తది ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

అపోహ: డిప్రెషన్ ముదిరి బైపోలార్ అయింది.

వాస్తవం: చాలాసార్లు అదివరకే ఉన్నది ఇప్పుడు గుర్తుపట్టారంతే. సరిపడే మందులు మొదలయ్యాక, ఏళ్ల తరబడి ఎదుగూబొదుగూ లేని వైద్యం గాడిన పడ్డవాళ్లు ఉన్నారు.

అపోహ: ఈ పేర్లన్నీ డాక్టర్ల ఇష్టం, సైన్సేమీ లేదు.

వాస్తవం: ఈ అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది, దాచక్కర్లేదు. 1960లలో న్యూయార్క్, లండన్ మానసిక ఆసుపత్రుల్లో చేరినవాళ్లను ఒకే పద్ధతిలో పరీక్షించి చూశారు. న్యూయార్క్‌లో స్కిజోఫ్రీనియా అని రాసినవాళ్లలో చాలామందికి లండన్ డాక్టర్లయితే మానిక్ డిప్రెషన్ అనో, డిప్రెషన్ అనో రాసేవారని తేలింది. తేడా రోగుల్లో కన్నా డాక్టర్ల అలవాట్లలో ఎక్కువగా ఉంది. 1980లో వచ్చిన డీఎస్ఎమ్ మూడో కూర్పు ఏ జబ్బుకు ఏ లక్షణాలు, ఎన్ని రోజులు ఉండాలో స్పష్టంగా రాసింది. బైపోలార్ అన్న పేరు మానిక్ డిప్రెషన్ స్థానంలోకి వచ్చింది కూడా ఆ కూర్పులోనే. 2013లో అయిదో కూర్పు ఆస్పర్జర్‌ను ఆటిజంలో కలిపేసింది. మనిషిలో ఏ మార్పూ లేకున్నా పుస్తకం మారితే పేరు మారుతుంది. లోపాలను బయటపెట్టుకుని దిద్దుకునే శాస్త్రాన్ని నేను నమ్ముతాను.

అపోహ: పేరు సరిగ్గా తెలిసింది కదా, ఇక బాధపడటానికేముంది?

వాస్తవం: చాలా ఉంది. కొందరికి ఊరట కలుగుతుంది. ఇంకొందరికి పోయిన సంవత్సరాల మీద దుఃఖం ముంచుకొస్తుంది. అన్నిటికన్నా నలిపేసేది ఈ ప్రశ్న: రాత్రంతా చదివి ర్యాంకు తెచ్చుకున్నది నేనా, జబ్బా? అందర్నీ ఎదిరించి ప్రేమించినవాణ్ని పెళ్లాడింది నేనా, జబ్బా? గడిచిన జీవితమంతా కేసు షీటులా కనిపించడం మొదలవుతుంది. దీనికి మందు లేదు, మాట్లాడుకోవడం ఉంది. కౌన్సెలింగ్ ఇక్కడే పనికొస్తుంది. ఆ ర్యాంకు మీదే, ఆ ప్రేమా మీదే. ప్రతి సంతోషం హైపోమేనియా కాదు, ప్రతి కోపం లక్షణం కాదు.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంటి మనిషి గట్టిగా నవ్వినప్పుడల్లా "మాత్ర వేసుకున్నావా?" అని అడగకండి. నిద్ర తగ్గిపోతుంటే గమనించండి, ఏ మార్పు కనిపిస్తే డాక్టరుకు చెప్పాలో తను బాగున్నప్పుడే తనతో కూర్చుని అనుకోండి. "ఎర్రగడ్డ కేసు" అన్న ఎగతాళి మీ ఇంటి గడప దాటి రానివ్వకండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కూడా అన్ని ఆసుపత్రుల్లాంటిదే, జనం వైద్యం కోసం వెళ్లే చోటు.

అపోహ: కొత్త పేరే ఆఖరు మాట, ఎదురు అడగకూడదు.

వాస్తవం: అడగాలి. థైరాయిడ్ లోపం కుంగుబాటులా కనిపిస్తుంది, స్టెరాయిడ్ మందులు ఉన్మాదాన్ని రేపగలవు. అమెరికా జర్నలిస్టు సుజానా కహలాన్‌కు 2009లో వచ్చిన జబ్బును మొదట మద్యం మానడం వల్ల వచ్చిందనీ, తర్వాత మానసిక రోగమనీ అనుకున్నారు. చివరకు అది శరీర రక్షణ వ్యవస్థ మెదడు మీదే దాడి చేయడం వల్ల వచ్చే వాపు అని తేలింది, వైద్యంతో ఆమె కోలుకున్నారు. ఆ జబ్బును వైద్యశాస్త్రం గుర్తించి అప్పటికి రెండేళ్లే అయింది. ఇలాంటివి అరుదు. అయినా "పేరు ఎందుకు మార్చారు? ఏ లక్షణాన్ని చూసి? శరీరంలో వేరే కారణం లేదని చూశారా?" అని అడిగే హక్కు మీకుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, మీ వైద్య రికార్డులు అడిగి తీసుకోవచ్చు. వివరాలు గోప్యంగా ఉంచమనవచ్చు. బీమా కంపెనీలు మానసిక జబ్బులకు కూడా శరీర జబ్బులతో సమానంగా వైద్య బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

ఈసారి డాక్టరు దగ్గరికి పాత చీటీలన్నీ తీసుకెళ్లండి. కుంగిపోయిన రోజులతో పాటు పొంగిపోయిన రోజుల గురించీ చెప్పండి. మిమ్మల్ని దగ్గర నుంచి చూసినవారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఈలోగా చావు ఆలోచనలు వచ్చినా, దిక్కుతోచకపోయినా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఈ ప్రభుత్వ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.