రొటిస్సరీ ఉన్న ఓటీజీ: కొనే ముందు, కొన్నాక

ఈ వారం మాట్లాడుకోబోయేది ఇదిగో, నా వెనకాల గట్టు మీద కనపడుతున్న ఈ నల్ల పెట్టె గురించి. మన దగ్గర దీన్ని ఓటీజీ అంటారు. ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ ఒకదాంట్లోనే అన్నమాట. నాది 40 లీటర్లది. లోపల గాలి తిప్పే ఫ్యాన్ ఉంది, దాన్నే కన్వెక్షన్ అంటారు. కోడిని గుచ్చి తిప్పే కడ్డీ ఉంది, అది రొటిస్సరీ. కొని నాలుగేళ్లయింది. "కొనమంటారా, వద్దంటారా" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పలేను కాబట్టి, దీనితో నేను చేసిన తప్పులతో సహా చెప్తాను. మీరే తేల్చుకోండి.

ముందు ఆ మొదటి కోడి సంగతి చెప్పాలి. కొన్న రెండో వారమే మా తమ్ముడు, మరదలు భోజనానికి వచ్చారు. అప్పుడు మరదలికి ఏడో నెల. పెట్టెలో కోడి గిర్రున తిరుగుతుంటే అందరం అద్దం ముందు నిలబడి టీవీ చూసినట్టు చూశాం. నలభై నిమిషాలకే పైన బంగారు రంగు వచ్చేసింది, ఇల్లంతా వాసన. తీసి కోసి, మొదటి లెగ్ పీస్ మరదలికే వేశాను. తను విరిచి చూసి, "వదినా, ఇది లోపల ఎర్రగా ఉందేంటి?" అంది. చూస్తే కీలు దగ్గర మాంసం ఇంకా జిగురుగా, పచ్చిగా ఉంది. నోట్లో పెట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. కడుపుతో ఉన్న మనిషికి అవి ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఆ కోడిని ముక్కలు కొట్టి కుక్కర్‌లో వేసి కూర చేశాను. అందరూ నవ్వుతూనే తిన్నారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు అలా ఎందుకైందో అర్థం కావాలంటే ఈ పెట్టె ఎలా పని చేస్తుందో తెలియాలి. పైన రెండు, కింద రెండు కడ్డీలు కనపడుతున్నాయి కదా, ఇవే హీటింగ్ ఎలిమెంట్లు. ఎర్రగా కాలినప్పుడు వీటి నుంచి వేడి నేరుగా కిరణాల్లా వచ్చి వస్తువు పైభాగాన్ని తాకుతుంది. ఎండలో నిలబడితే ఒంటి మీద పడే వేడి లాంటిదే ఇది. ఫ్యాన్ చేసే పని వేరు. లోపలి వేడిగాలిని కదిలిస్తూ అన్ని వైపులా ఒకేలా తగిలేలా చేస్తుంది. రొటిస్సరీ కోడిని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క వైపూ ఎలిమెంట్ ముందు ఎక్కువసేపు ఉండిపోదు. కరిగిన కొవ్వు, రసం కూడా ఒకేచోట నుంచి కారిపోకుండా, కోడి చుట్టూ పాకుతూ పైన తడిగా ఉంచుతాయి. రొటిస్సరీ కోడి రుచి అందుకే వేరు.

ఇవన్నీ జరిగేది పైన. మాంసం లోపలికి వేడి పోవడం చాలా నెమ్మది. తిప్పినంత మాత్రాన లోపల త్వరగా ఉడకదు. నేనేం చేశానంటే, కోడిని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే గుచ్చాను, వేడి 230 డిగ్రీల మీద పెట్టాను. పైన మాడే దశకు వచ్చింది, తొడ కీలు దగ్గర ఇంకా చల్లగానే ఉంది. రంగు చూసి దింపేశాను. అదీ తప్పు.

అందుకే మీరు ఓటీజీ కొంటే దాంతోపాటు ఒక డిజిటల్ ఫుడ్ థర్మామీటర్ కొనండి. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. తొడ దగ్గర మందంగా ఉన్నచోట గుచ్చి చూడండి. 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఒక జాగ్రత్త: మొన ఎముకకు గానీ, మధ్యలో ఉన్న ఇనుప కడ్డీకి గానీ తగలకూడదు. కడ్డీ మాంసం కన్నా ముందే కాలుతుంది, దానికి తగిలితే ఉడకని కోడి కూడా ఉడికినట్టు చూపిస్తుంది. ఎముక పక్కన కొంచెం ఎర్రగా కనపడినా 74 వచ్చిందంటే భయం లేదు, లేత కోళ్లలో ఎముకలోని రంగు మాంసంలోకి దిగుతుంది. అదే తెల్లగా కనపడినా 74 రాకపోతే ఇంకాసేపు తిప్పాల్సిందే. రంగును నమ్మొద్దు, అంకెను నమ్మండి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. కోడి ఒక కిలో నుంచి కిలో రెండు వందల గ్రాముల లోపు ఉండాలి. అంతకన్నా పెద్దదైతే తిరిగేటప్పుడు పై ఎలిమెంట్‌కి తగులుతుంది. షాపులో "స్కిన్‌తో ఇవ్వండి, ముక్కలు కొట్టొద్దు" అని ముందే చెప్పండి. లేదంటే మన దగ్గర అలవాటుగా తోలు తీసేసే ఇస్తారు. తోలు లేని కోడి అయితే ఎండిపోతుంది. పావుగంటకోసారి నూనె గానీ నెయ్యి గానీ పూయాల్సి వస్తుంది.

అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నిమ్మరసం, కొంచెం పెరుగు. ముందు రోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. కాల్చే ముందు అరగంట బయట ఉంచండి. గుచ్చే ముందు మందంగా అంటుకున్న మసాలా తుడిచేయండి. లేకపోతే అది ఊడి పళ్లెంలో పడి మాడుతుంది, పొగ వస్తుంది. తేనె, చక్కెర ఉన్నది ఏదైనా చివరి పది నిమిషాల్లోనే పూయాలి, ముందే పూస్తే నల్లబడుతుంది.

ఆ తర్వాతది అందరూ వదిలేసే పని: కట్టడం. రెక్కలు ఒంటికి ఆనించి ఒక చుట్టు, కాళ్లు రెండూ కలిపి ఒక చుట్టు. నూలు దారం తడిపి వాడండి. నైలాన్, ప్లాస్టిక్ దారం పనికిరాదు, కరిగిపోతుంది. కట్టకపోతే తిరిగే కొద్దీ మాంసం మెత్తబడి రెక్క వేలాడుతుంది, అది ఎలిమెంట్‌కి తగిలి అంటుకుంటుంది. నాకు ఒకసారి అయింది, మోటారు టకటకమంటూ ఆగిపోయింది.

కడ్డీ సరిగ్గా కోడి మధ్యలోంచి వెళ్లాలి. రెండు వైపులా ఫోర్కులు గట్టిగా దింపి మరలు బిగించాలి. ఇప్పుడు కడ్డీ రెండు చివర్లూ రెండు అరచేతుల మీద పెట్టుకుని చూడండి. ఒక వైపు గిర్రున తిరిగి కిందికి దిగిందంటే ఆ వైపు బరువు ఎక్కువ. తీసి మళ్లీ గుచ్చండి. బరువు ఒకే పక్క ఉంటే మోటారు పైకి ఎత్తేటప్పుడు మూలుగుతుంది, దిగేటప్పుడు దబ్బున దించుతుంది. లోపలి పళ్ల చక్రాలు అరిగేది ఇలాగే. ఓవెన్‌లో పెట్టాక స్విచ్ వేసే ముందు ఒక చుట్టు చేత్తో తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూసుకోండి.

పెట్టెను ముందే పది, పదిహేను నిమిషాలు వేడి చేయాలి. నేను 190 దగ్గర పెడతాను, ఫ్యాన్ వేస్తాను. మామూలు ఓవెన్‌కి రాసిన వంటకమైతే, ఫ్యాన్ వేసినప్పుడు వేడి 20 డిగ్రీలు తగ్గించాలని గుర్తుపెట్టుకోండి. కిలో కోడికి నాకు గంట పైన పడుతుంది. యాభై నిమిషాల దగ్గర మొదటిసారి థర్మామీటర్ గుచ్చుతాను. కింద పళ్లెంలో ఒక గ్లాసు నీళ్లు పోస్తాను, కారిన కొవ్వు మాడి పొగ రాకుండా. దింపాక పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి పోతుంది.

అమెరికాలో 1990ల చివర్లో రాన్ పొపీల్ అనే ఆయన టీవీ ప్రకటనల్లో షోటైమ్ అనే చిన్న రొటిస్సరీని తెగ అమ్మాడు. పెట్టి మర్చిపోండి అన్నదే ఆయన నినాదం. వినడానికి బావుంటుంది. నేను మాత్రం వంటింటి గుమ్మం దాటను. కొవ్వు ఎలిమెంట్ మీద పడి మంట రావడం అరుదే, కానీ వస్తుంది. వస్తే తలుపు తీయకండి. తీస్తే గాలి దొరికి మంట పెరుగుతుంది. స్విచ్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసేసి, తలుపు మూసే ఉంచండి. లోపల గాలి అయిపోయి అదే చల్లారుతుంది.

ఇక కరెంటు. కొనే ముందు ఆలోచించాల్సిన మొదటి విషయం ఇదే. ఈ పెట్టె వెనక చూడండి, 2000 వాట్లు అని ఉంది. మన ఇంట్లో 230 వోల్టులు. అంటే దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. గీజర్‌కి, ఏసీకి వాడే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. మీ వంటింట్లో 16 ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో చూసుకున్నాకే షాపుకి వెళ్లండి. పాత అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఉండదు. నేను కూడా మొదట్లో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాను. అరగంటకి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. కోడి మాడిందనుకున్నా, చూస్తే బాక్స్ మెత్తబడి వంగింది. దయచేసి ఆ పని చేయకండి.

బిల్లు గురించి భయపడక్కర్లేదు. 2000 వాట్లు ఆగకుండా గంటసేపు నడిస్తే 2 యూనిట్లు. కానీ వేడి చేరాక థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి అంతకన్నా తక్కువే అవుతుంది.

థర్మోస్టాట్ అన్నాను కదా, దాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. మీట 180 మీద ఉంటే లోపల 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ దొరుకుతుంది. అది లేకపోతే చక్కెరతో చూడొచ్చు. చక్కెర దాదాపు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రేకు ముక్క మీద ఒక చెంచా చక్కెర వేసి 175 దగ్గర పావుగంట ఉంచితే కరగకూడదు, 190 దగ్గర ఉంచితే కరగాలి. 175 దగ్గరే పాకమైపోయిందంటే మీ పెట్టె చెప్పిన దానికన్నా ఎక్కువ వేడెక్కుతోందని అర్థం.

కోడి తినని ఇళ్లకు ఈ కడ్డీ దండగా అని అడుగుతారు. నా మటుకు దీన్ని ఎక్కువ వాడింది వంకాయలకే. గుండ్రటి పెద్ద వంకాయలకు నూనె రాసి, అక్కడక్కడా చాకుతో గాట్లు పెట్టి గుచ్చి తిప్పితే, అరగంట దాటాక తొక్క ముడతలు పడి లోపల వెన్నలా అవుతుంది. గాటు పెట్టకపోతే ఆవిరి పట్టి పగులుతుంది. ఆ గుజ్జులో పచ్చిమిర్చి, చింతపండు, ఉల్లిపాయ వేసి పచ్చడి చేస్తే, బొగ్గుల మీద కాల్చిన పొగ వాసన రాదు, అది ఒప్పుకుంటాను. మిగతాదంతా వస్తుంది. చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు కూడా బాగుంటాయి. చేప మాత్రం కడ్డీకి గుచ్చొద్దు, ఉడికాక జారి పడిపోతుంది. జాలీ మీద పెట్టండి.

శుభ్రం చేసే పని ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. కోడి చేసిన ప్రతిసారీ పావుగంట తుడవాలి. చల్లారాక వంటసోడా తడిపి ముద్దలా చేసి గోడలకు పట్టించి, కాసేపాగి తడి గుడ్డతో తుడవండి. ఎలిమెంట్ల మీద నీళ్లు పోయొద్దు. కింద సిల్వర్ ఫాయిల్ పరిచే అలవాటు కూడా వద్దు, అది వేడిని వెనక్కి కొట్టి ఎలిమెంట్‌ని, అడుగుని పాడు చేస్తుంది. పెట్టె చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచండి. పైన గుడ్డలు, డబ్బాలు పెట్టకండి.

మరి కొనాలా వద్దా? వారానికి ఒకసారైనా కాల్చే, బేక్ చేసే అలవాటు ఉండి, 16 ఆంపియర్ల సాకెట్ ఉండి, తుడిచే ఓపిక ఉంటే కొనండి. 35 లీటర్లకు తగ్గొద్దు, తగ్గితే కోడి తిరగడానికి చోటు చాలదు. నెలకోసారి కోడి కోసమే అయితే బయట కొనుక్కోవడమే లాభం.

మా మరదలి పాపకి ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. మా ఇంటికి వస్తే అద్దం ముందు పీట వేసుకుని కూర్చుని కోడి తిరగడం చూస్తుంది. దింపగానే థర్మామీటర్ తెచ్చి ఇచ్చేది తనే. వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ, "వదినా, ఎంత వచ్చింది?" అని అడిగాకే ముక్క తీసుకుంటుంది. అడగాల్సిందే మరి.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.