వెనక్కి జరిగిన అడుగు మీద ఒక పాట

2020 మార్చి. అమెరికాలో కరోనా లాక్‌డౌన్ మొదలవబోతున్న రోజులు. లాస్ ఏంజిలిస్‌లో ఒక బడి. తరగతిలో ఒక పిల్లాడు తోటి అమ్మాయితో, చైనా వాళ్లకు దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు అన్నాడు. నేనూ చైనా మనిషినే గదా అన్నది ఆ అమ్మాయి. వాడు వెంటనే వెనక్కి జరిగాడు.

ఆ అమ్మాయి పేరు మీలా డి లా గార్జా. ఆమె, అక్క లూసియా, వాళ్ల దగ్గరి బంధువు ఎలోయీస్ వాంగ్, స్నేహితురాలు బేలా సాలజార్ కలిసి 2018 నుంచి 'ది లిండా లిండాస్' పేరుతో పాడుతున్నారు. కొందరిది చైనా మూలం, కొందరిది లాటినో మూలం, అక్కాచెల్లెళ్లది రెండూ. బడిలో జరిగిన అవమానాన్ని మీలా, ఎలోయీస్ పాట కట్టారు. పేరు 'రేసిస్ట్, సెక్సిస్ట్ బాయ్'. 2021 మే నెలలో సైప్రెస్ పార్క్‌లోని ప్రభుత్వ గ్రంథాలయ శాఖలో దాన్ని వాయించారు. అప్పటికి మీలాకు పదేళ్లు, అందరిలో పెద్దదైన బేలాకు పదహారు. అట్లాంటాలో ఒక తెల్లవాడు ఎనిమిది మందిని, అందులో ఆరుగురు ఆసియా మూలాల ఆడవాళ్లను, కాల్చి చంపి రెండు నెలలైనా కాలేదు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఎపిటాఫ్ రికార్డ్స్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నది. 2022 ఏప్రిల్ 8న తొలి ఆల్బమ్ 'గ్రోయింగ్ అప్' వచ్చింది. పది పాటలు. అన్నీ కలిపినా అరగంట లేదు.

దీన్ని పాప్-పంక్ అంటారు. మూడు నాలుగు కార్డులు, వేగం, రెండు మూడు నిమిషాల పాట, ఒకసారి వింటే నోటికొచ్చే బాణీ. 1976లో రామోన్స్ వేసిన దారిది. 1994లో గ్రీన్ డే 'డూకీ'తో ఇంటింటికీ వెళ్లింది. దీనికి ఏళ్ల సాధన అక్కర్లేదు, సభ అక్కర్లేదు, బొటనవేలు అడిగే గురువు అసలే అక్కర్లేదు. అయినా ఇది తెల్ల కుర్రాళ్ల సంగీతమనే ముద్ర పడింది. ముద్ర వేసిందెవరు? లాస్ ఏంజిలిస్‌లో 1977 నాటికే ఆలిస్ బ్యాగ్ అనే మెక్సికన్ అమెరికన్ అమ్మాయి 'ది బ్యాగ్స్' బృందం ముందు నిలబడి పాడింది. చరిత్ర రాసేవాళ్లు ఎవరిని వదిలేస్తారో మనకు కొత్తగా చెప్పాలా?

ఇక ఆ అడుగు సంగతి. కులమూ జాతీ ఒకటేనని మేం అనడం లేదు. కానీ ఆ పిల్లాడు ఎప్పుడు జరిగాడో చూడండి. ఆ అమ్మాయి చెప్పిన తర్వాత. అప్పటిదాకా పక్కనే ఉన్నాడు. ఊళ్లో అయితే వాడ ఎటువైపో అందరికీ తెలుసు, చెప్పే పనిలేదు. పట్నంలో అద్దె గది కోసం వెళ్లినప్పుడు మాత్రం మాటలన్నీ బాగానే సాగుతాయి. ఇంటిపేరు అడుగుతారు. చెప్తాం. అప్పుడు గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్న సంగతి వాళ్లకు గుర్తొస్తుంది. ఆ అడుగు చప్పుడు మేమెరుగుదుం. ఇంకో మాట, దూరంగా ఉండమన్నది ఆ పిల్లాడి బుద్ధి కాదు, నాన్న నేర్పింది. అంటరానితనం కూడా ఇంట్లో నేర్పే పాఠమే.

ఆల్బమ్‌లో ఈ పాట చిట్టచివర వస్తుంది. మిగతావాటికంటే నెమ్మదిగా, బరువుగా మొదలవుతుంది. ఎలోయీస్ గొంతు చించుకుని అరుస్తుంది. మీలా డ్రమ్స్ వాయిస్తూనే వేగంగా అందుకుంటుంది. జాలి అడగరు, వాణ్ణే నిలదీస్తారు.

పత్రికలు మాత్రం ఈ కథను రాత్రికి రాత్రి వచ్చిన పేరుగా రాశాయి. అది నిజం కాదు. అక్కాచెల్లెళ్ల తండ్రి కార్లోస్ డి లా గార్జా గ్రామీ అందుకున్న రికార్డింగ్ నిపుణుడు. ఈ ఆల్బమ్ నిర్మాత ఆయనే. ఎలోయీస్ తండ్రి మార్టిన్ వాంగ్ 'జయంట్ రోబోట్' పత్రిక స్థాపకుల్లో ఒకరు. చైనాటౌన్‌లోని కాస్టెలార్ ప్రభుత్వ బడిలో సంగీతం క్లాసులకు డబ్బు లేకపోతే, ఆయనా ఆయన భార్యా పగటిపూట పంక్ కచేరీలు పెట్టి చందా పోగుచేశారు. ఆ కచేరీల్లో ముందు వరసలో నిలబడి చూసిన పిల్లలే తర్వాత గిటార్లు పట్టారు. ఇది తప్పని మేం అనం. అవమానం తనంతట తాను పాట కాదు. వాయిద్యం కావాలి, నేర్చుకునే తావు కావాలి, హాలు తలుపు తీసే గ్రంథాలయం కావాలి. తరతరాలుగా డప్పు వాయించిన వాడల్లోని బడిపిల్లలకు ఇందులో ఏదుంది? మా బడిలో సంగీతం అంటే పంద్రాగస్టు నాడు ప్రార్థన గీతం పాడేందుకు ఎవరినో ఎంచడం. ఎంచినవాళ్లలో మేం ఎప్పుడూ లేం.

ఈ ఆల్బమ్‌లో మాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. పదింటిలో అవమానం మీద నేరుగా ఉన్నది ఆ చివరి పాట ఒక్కటే. మిగతావి ఎదుగుదల గురించి, స్నేహం గురించి, తమలో తాము మాట్లాడుకోవడం గురించి. బేలా స్పానిష్‌లో ఒక పాట పాడింది. అమెరికా పంక్ ఆల్బమ్‌లో అమ్మ భాష పెట్టడానికి ఎవరి అనుమతీ అడగలేదు. 'నీనో' అనే పాట ఆమె పెంచుకునే పిల్లి మీద. 2020 డిసెంబరులో వచ్చిన చిన్న రికార్డులో ఇంకో పిల్లి మీదా పాట ఉంది! మన రచయితలను సభలకు పిలిచి ప్రతిసారీ గాయమే చూపించమంటారు. పిల్లి గురించి రాస్తే దళిత సాహిత్యం ఎలా అవుతుందని అడుగుతారు. ఈ అమ్మాయిలు ఐదో పాట పిల్లి మీద పెట్టి, పదో పాట ఆ పిల్లాడి మీద పెట్టారు. రెండిటి మధ్యా సంజాయిషీ ఏమీ లేదు.