'వుదరింగ్ హైట్స్': యాత్రికులు చూసే ఇల్లు, నవలలోని ఇల్లు

ఎమిలీ బ్రాంటీ రాసిన 'వుదరింగ్ హైట్స్' కథాంశాన్ని, పాత్రలను గత పాఠంలో తెలుసుకున్నారు. ఈ నవల చదివిన విద్యార్థులు కాంటాక్ట్ తరగతుల్లో నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది: "ఆ ఇల్లు నిజంగా ఉందా సార్?" ఆ ప్రశ్న వెనక మరో సందేహం కూడా ఉండేది. ఇంగ్లాండు వెళ్లి ఆ కొండలు, ఆ గాలి చూడనివాళ్లం కదా, ఈ నవల మనకు సగమే అర్థమవుతుందేమో అని. ఈ సందేహం తీరాలంటే యాత్రికులు అక్కడ ఏం చూస్తారో, అందులో నవల చదవడానికి పనికివచ్చేది ఎంతో విడదీసి చూడాలి.

ఎమిలీ పెరిగిన ఊరు హావర్త్. ఉత్తర ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, పెనైన్ కొండల వాలులో ఉంది. ఊరు దాటి పైకి ఎక్కితే 'మూర్' మొదలవుతుంది. ఈ మాటను మన అనువాదాల్లో 'బీడు' అనడం కద్దు. ఆ మాట మనల్ని కొంత పక్కదారి పట్టిస్తుంది. మన బీడు ఎండకు నెర్రెలు వారిన నేల. మూర్ తడి నేల. పైన చెట్లు దాదాపు ఉండవు. నల్లటి మెత్తని మట్టి, నీరు నిలిచే బురద గుంటలు, మోకాలెత్తు హెదర్ పొదలు. ఆగస్టులో ఆ పొదలు ఊదారంగు పూలు పూస్తాయి, తక్కిన కాలమంతా గోధుమరంగులో ఉంటాయి. అడ్డు లేని గాలి అక్కడ చేసే రొదకు స్థానిక మాండలికంలోని మాటే 'వుదరింగ్'. నవల మొదటి అధ్యాయంలో లాక్‌వుడ్ ఈ మాటకు అర్థం చెబుతూ ఒకే వైపుకు ఒరిగిపోయిన చెట్లను, గోడల్లో లోతుగా దిగిన చిన్న కిటికీలను చూపిస్తాడు. గాలిని వర్ణించకుండా గాలి చేసిన పనిని చూపించడం ఎమిలీ పద్ధతి.

హావర్త్ వచ్చిన యాత్రికుల్లో చాలామంది ఈ మూర్ మీదుగా ఐదారు కిలోమీటర్లు నడిచి టాప్ విదెన్స్ అనే చోటికి వెళతారు. సముద్రమట్టానికి 400 మీటర్ల పైన, కప్పు లేని ఒక పాత రైతు ఇంటి శిథిలం అది. దారిలోని సూచికల మీద జపనీస్ భాష కూడా కనిపిస్తుందంటే ఎంత దూరం నుంచి వస్తారో ఊహించుకోవచ్చు. ఇంత శ్రమపడి వెళ్లినవారికి గోడ మీద ఒక ఫలకం కనిపిస్తుంది. దాన్ని బ్రాంటీ సొసైటీ 1964లో పెట్టింది. ఈ కట్టడం చెక్కుచెదరకుండా ఉన్న రోజుల్లో కూడా నవలలో వర్ణించిన ఇంటిని పోలి లేదని, ఇది ఉన్న చోటు మాత్రం రచయిత్రి మనసులో మెదిలి ఉండవచ్చని ఆ ఫలకం సారాంశం. 1872లో వచ్చిన బొమ్మల ప్రతి ఈ చోటుకు నవలతో ముడిపెట్టింది. ఆ ముడి తరువాత విడలేదు. ఇంతదూరం నడిచి వచ్చినవారికి 'ఇది ఆ ఇల్లు కాదు' అని రాతిమీద చెప్పిన సొసైటీ నిజాయితీ నాకు నచ్చుతుంది.

మరి నవలలోని ఇల్లు ఎక్కడిది? ఒక్కచోట దొరకదు. ఎమిలీ 1838-39లో హాలిఫాక్స్ పట్టణం దగ్గర లా హిల్ అనే బడిలో కొన్ని నెలలు పాఠాలు చెప్పింది. ఆ చుట్టుపక్కల హై సండర్లాండ్ హాల్ అనే పాత భవనం ఉండేది. దాని ద్వారం చుట్టూ వికృతమైన బొమ్మలు చెక్కి ఉండేవి. అటువంటి చెక్కడాలనే లాక్‌వుడ్ చూస్తాడు. ఆ భవనం ఇప్పుడు లేదు, కూల్చివేశారు. లా హిల్ ఇంటిని కట్టించిన జాక్ షార్ప్ కథ కూడా ఆ ప్రాంతంలో ప్రచారంలో ఉండేది. మేనమామ పెంపకంలో పెరిగి, ఆయన ఆస్తినే తన చేతుల్లోకి తెచ్చుకున్న మనిషి అతను. హీత్‌క్లిఫ్ గుర్తుకు వస్తాడు కదూ! హావర్త్‌కు దగ్గరలోని పాండెన్ హాల్‌ను త్రష్‌క్రాస్ గ్రేంజ్‌గా చూపించడం పరిపాటి. దాని గుమ్మం పైన 1801 అని చెక్కి ఉంది. నవల మొదలయ్యే సంవత్సరం కూడా అదే. కానీ గ్రేంజ్ చుట్టూ ఉన్న విశాలమైన పార్కు పాండెన్‌కు లేదు. అంటే చెక్కడం ఒకచోటిది, కథ ఒకచోటిది, సంవత్సరం మరొకచోటిది, గాలి వేరొకచోటిది. ఎమిలీ వీటిని కలిపి, ఎక్కడా లేని ఇల్లు కట్టింది.

నా దృష్టిలో నవల గురించి ఎక్కువ చెప్పే ఇల్లు వేరే ఉంది. అది నవలలో ఎక్కడా కనిపించని ఇల్లు, చర్చి పక్కన బ్రాంటీ కుటుంబం నివసించిన పార్సనేజ్. తండ్రి పాట్రిక్ బ్రాంటీ హావర్త్ చర్చి మతాధికారి. ఆ హోదాలో 1820లో ఆ కుటుంబానికి ఈ ఇల్లు వచ్చింది. 1928 నుంచి ఇది మ్యూజియం. చిన్న గదులు, రాతి నేల. ముందు కిటికీలోంచి చూస్తే సమాధులు. ఇప్పుడు అక్కడ కనిపించే పెద్ద చెట్లు తరువాతి కాలంలో నాటినవి, ఎమిలీ చూసింది కిక్కిరిసిన రాతి పలకలనే. భోజనాల గదిలోని బల్ల దగ్గరే అక్కచెల్లెళ్లు ముగ్గురూ రాసుకునేవారు. రాత్రి వేళ ఆ బల్ల చుట్టూ నడుస్తూ తమ కథల గురించి మాట్లాడుకునేవారు.

ఆ సమాధుల వైపు మరికాస్త చూడాలి. 1850లో బెంజమిన్ హెర్షెల్ బాబేజ్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ హావర్త్ పారిశుధ్యంపై నివేదిక ఇచ్చాడు. ఆ విచారణ కోరినవారిలో పాట్రిక్ బ్రాంటీ ముందున్నాడు. కలుషితమైన నీళ్లు, పొంగే మురుగు, కిక్కిరిసిన శ్మశానం. ఆ ఊళ్లో మరణించినవారి సగటు వయసు 25.8 ఏళ్లు. పుట్టిన పిల్లల్లో నూటికి 41 మందికి పైగా ఆరేళ్లు నిండకుండానే చనిపోయేవారు. ఈ అంకెలు మనసులో పెట్టుకుని నవలకు రండి. కేథరిన్ 18వ ఏట చనిపోతుంది. హిండ్లీ 27వ ఏట, ఎడ్గార్ 39వ ఏట. "ఇన్ని చావులా, అతిశయోక్తి కాదా?" అని పరీక్ష పత్రాల్లో రాసేవారు చాలామంది ఉంటారు. హావర్త్ లెక్కల ప్రకారం అది అతిశయోక్తి కాదు. ఎమిలీ మూడేళ్లకే తల్లిని, ఏడేళ్ల లోపు ఇద్దరు పెద్దక్కలను పోగొట్టుకుంది. నవల 1847 డిసెంబరులో వెలువడింది. సరిగ్గా ఏడాదికి, 1848 డిసెంబరు 19న, 30 ఏళ్ల వయసులో ఆమె క్షయతో ఆ ఇంట్లోనే కన్నుమూసింది. తండ్రి మాత్రం ఆరుగురు పిల్లలనూ సాగనంపి 1861 వరకు బతికాడు.

ఇక వంటగది. 1842లో పెద్దమ్మ చనిపోయాక ఇంటి బాధ్యత ఎమిలీ తీసుకుంది. ఎదురుగా జర్మన్ పుస్తకం తెరిచి పెట్టుకుని రొట్టె పిండి పిసికేదని ఎలిజబెత్ గాస్కెల్ 1857 నాటి షార్లట్ జీవితచరిత్రలో చెప్పింది. ఆ వంటింట్లోనే ట్యాబీ అనే ముసలి పనిమనిషి యార్క్‌షైర్ యాసలో ఊరి పాత కథలు పిల్లలకు వినిపించేది. నవలలో మనకు కథ చెబుతున్నది ఎవరు? ఇంటి పనులు చూసే నెల్లీ డీన్. అందుకే, మూర్ నవల అని పేరుపడినా, ఈ పుస్తకంలో మూర్ మీద జరిగే సన్నివేశాలు చాలా తక్కువ. కేథరిన్, హీత్‌క్లిఫ్ కొండ మీద తిరగడాన్ని మనం నేరుగా దాదాపు చూడం. వాళ్లు వెళ్లారని, ఆలస్యంగా వచ్చారని, తడిసి వచ్చారని నెల్లీ చెబితే వింటాం. నవలను మలుపు తిప్పే తొమ్మిదో అధ్యాయం చూడండి. ఎడ్గార్‌ను పెళ్లాడబోతున్నానని కేథరిన్ చెప్పుకునేది వంటింట్లో, పసివాణ్ణి జోకొడుతున్న నెల్లీతో. గోడ వారన బల్ల మీద ఉన్న హీత్‌క్లిఫ్ సగం విని, మిగతా సగం వినకుండానే వెళ్లిపోతాడు.

నవల రెండోసారి చదివేటప్పుడు ఒక కాగితం పక్కన పెట్టుకోండి. ప్రతి అధ్యాయానికి మూడు విషయాలు రాయండి: నెల్లీ ఎక్కడ నిలబడి ఉంది, ఏ తలుపు తెరిచి ఉంది, బయట జరిగినదాన్ని ఆమె చూసిందా, విన్నదా. మూడో అధ్యాయంలోని కిటికీ సన్నివేశం లాక్‌వుడ్ స్వయంగా చెప్పేది కనుక దాన్ని విడిగా రాసుకోండి. పదిహేడో అధ్యాయం దాకా ఇలా నింపాక యూనిట్ చివర ఇచ్చిన మూడో ప్రశ్నకు జవాబు రాయండి.