లివరుకు కొవ్వు పట్టినవారి ఎముకల మాటేమిటి?

"మా అమ్మ బొద్దుగానే ఉంటుంది కదా సిస్టరుగారూ, బాత్‌రూములో కాలు జారినంత మాత్రాన తుంటి ఎముక విరగడమేమిటి?" అని వార్డులో ఒక కూతురు అడిగింది. ఆ తల్లికి అరవై దాటాయి, షుగరు ఉంది. రెండేళ్ళ క్రితం స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందని తేలింది. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళు పాలు, పెరుగు, గుడ్డు అన్నీ మాన్పించారు. ప్రేమతోనే మాన్పించారు. కాని ఎముకకు కావలసినవే మాన్పించారు.

లావుగా ఉన్నవారి ఎముకలు గట్టివని చాలామంది అనుకుంటారు. బరువు మోసే ఎముక కొంత గట్టిపడే మాట నిజమే. కాని పొట్టలో, లివరులో చేరిన కొవ్వు ఊరికే ఉండదు. వాపు కలిగించే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. మన ఎముక రోజూ కొంచెం అరుగుతూ, మళ్ళీ కొంచెం పెరుగుతూ ఉంటుంది. ఈ పదార్థాల వల్ల అరుగుదల ఎక్కువవుతుంది. అలా ఎముక గుల్లబారుతున్నా నొప్పి ఉండదు. అందుకే విరిగేదాకా ఎవరికీ తెలియదు.

విటమిన్ డి సంగతి కూడా చెప్పాలి. ఎండవల్ల చర్మంలో తయారైన ఈ విటమిన్ మొదట లివరులో, తర్వాత మూత్రపిండాలలో మార్పు చెందితేనే ఒంటికి పనికివస్తుంది. లావుపాటివారి రక్తంలో ఇది తరచుగా తక్కువే ఉంటుంది. లివరు గట్టిపడి సిర్రోసిస్ దాకా వెళితే ఎముకలకు నష్టం మరీ ఎక్కువ.

బహిష్టులు ఆగిన స్త్రీలకు ముప్పు ఎక్కువ. మన పల్లెల్లో చిన్న వయసులోనే గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీయించుకున్నవారు ఉన్నారు. వారి విషయంలో ఇంకా ముందునుంచే జాగ్రత్తపడాలి. సారా, చుట్ట, బీడీ అలవాటున్న మగవారినీ మరువకండి. కీళ్ళ నొప్పులకని ఏళ్ళ తరబడి వాడే పేరులేని పొట్లాల మందుల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. అది ఎముకను తినేస్తుంది.

షుగరు ఉన్నవారికి స్కానులో ఎముక బాగానే కనబడినా విరిగే అవకాశం ఎక్కువ. షుగరుకు, కొందరికి లివరుకు కూడా వాడే పయోగ్లిటాజోన్ మాత్ర వల్ల స్త్రీలలో ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. చీటీ చూపించి డాక్టరుగారిని అడగండి.

బరువు తగ్గించాలి, నిజమే. కాని పస్తులుంచి ఒక్కసారిగా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ, ఎముక కూడా తరుగుతాయి. నెమ్మదిగా తగ్గించండి, రోజూ నడిపించండి. వెన్న తీసిన పాలు, మజ్జిగ మానక్కరలేదు. గుడ్డు కూడా ఉడికించి పెట్టవచ్చు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అయితే షుగరున్నవారికి రాగిముద్ద అన్నానికి బదులుగా పెట్టాలి, అన్నంతోపాటు కాదు.

ఎత్తు తగ్గినా, నడుము వంగినా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా డెక్సా స్కాన్ గురించి అడగండి. అందులో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి ఉంటే ఎముక గుల్లబారినట్లు లెక్క. ఈలోగా బాత్‌రూములో పాచి గీకించి, గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించండి. రాత్రిపూట ఆ దారిలో ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి.