పిల్లల మాటకు పంచాయతీలో చోటు

గ్రామ పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములను పరిశీలించినచో మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్ను బకాయిలు తరచుగా కానవచ్చును. బడి ప్రస్తావన వచ్చినను, అది పైకప్పును గూర్చియో ప్రహరీ గోడను గూర్చియో అయి యుండును. ఆ కప్పు క్రింద పిల్లవాడు ఇష్టముతో కూర్చున్నాడా, భయముతో కూర్చున్నాడా యని అడుగు సభ్యులు అరుదు. అది తల్లిదండ్రులును ఉపాధ్యాయులును చూచుకొనవలసిన సంగతి యని పెద్దలు అనుకొందురు. అది పంచాయతీ బాధ్యతలలో ఒకటి యని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మన తాతల నాటి వీధిబడులలో కోదండము వేయుట యను శిక్ష యుండెడిది. దూలమునకు కట్టిన త్రాటిని పట్టుకొని, కాళ్లు నేలకు ఆనకుండ పిల్లవాడు వ్రేలాడవలెను. తొడపాశము, గోడకుర్చీ, గుంజీలు దాని తోబుట్టువులు. కోదండము పోయినది గాని తక్కినవి పూర్తిగా పోలేదు. దండమునకు పది గుణములు గలవను మాటను బెత్తమునకు సమర్థనగా చెప్పు పెద్దలు ఇప్పటికిని ఉన్నారు. ఆ పది గుణములు ఏవియో వారు ఒకసారి లెక్కించి చూడవలెను. పక్షులను, కుక్కలను, శత్రువులను, పాములను, పశువులను తోలుటకును, బురదలో, నీటిలో, చీకటిలో, కన్నులు కానరానప్పుడు, ముదిమిలో ఊతగా నిలుచుటకును చేతికర్ర పనికివచ్చునని దాని భావము. పిల్లల ప్రసక్తి అందులో ఎక్కడను లేదు.

దెబ్బకు భయపడిన పిల్లవాడు పాఠమును నేర్చుకొనడు. దెబ్బను తప్పించుకొను ఉపాయమును నేర్చుకొనును. తెలియనిది అడుగుట మానివేయును. ప్రక్కవాని పలకలో చూచి వ్రాయును. కడుపునొప్పి యని ఇంటనే నిలిచిపోవును. నెలకు నాలుగు దినములతో మొదలైన ఆ కడుపునొప్పి కొంత కాలమునకు పేరు కొట్టివేయుటతో ముగియును. అప్పుడు ‘వానికి చదువు అబ్బలేదు’ అని ఊరు తీర్పు చెప్పును. ‘మొద్దు’, ‘దున్నపోతు’ అను పిలుపులు చేయునదియు ఇదే పని. వాటికి వాత తేలదు గనుక ఎవరును లెక్కింపరు.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1989 నవంబరు 20న ఆమోదించగా, భారతదేశము 1992 డిసెంబరులో దానికి కట్టుబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లోనే విద్యా నిబంధనలను సవరించి బడులలో శారీరక దండనను నిషేధించినది. 2009 నాటి విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టుటనే గాక మానసికముగా వేధించుటను సైతము నిషేధించి, అతిక్రమించిన వారిపై క్రమశిక్షణ చర్య తీసికొనవలెనని శాసించినది. 2015 నాటి బాల న్యాయ చట్టము 75వ సెక్షను ప్రకారము, తన అధీనములో నున్న పిల్లవానిని హింసించిన వారికి మూడేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అయినను బెత్తమును లాగికొన్నంత మాత్రమున బడి బాగుపడదు. దాని స్థానమున మరియొకటి కావలెను. అది ఏమి యని అడుగువారికి గిజూభాయి బధేకా చరిత్ర చెప్పదగినది. గుజరాతు ప్రాంతమున భావనగరములో ఆయన 1920లో బాలమందిరమును స్థాపించెను. ఆయన వృత్తిచేత న్యాయవాది. తనకు కుమారుడు కలిగిన పిమ్మట శిశువుల పెంపకమును గూర్చి చదువ నారంభించి, మాంటిస్సోరీ విదుషీమణి భావములచే ఆకర్షితుడై, న్యాయవాద వృత్తిని విడిచి పిల్లల చదువునకు తన జీవితమును అంకితము చేసెను. జనులు ఆయనను ‘మీసముల తల్లి’ యని ప్రేమతో పిలిచెడివారు. ఆయన వ్రాసిన ‘దివాస్వప్న’ యను పుస్తకమున లక్ష్మీరాము అను ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఏడాది పాటు తనకు అప్పగింపుమని కోరి తీసికొనును. మొదటి దినమున పిల్లలచేత నిశ్శబ్దపు ఆట ఆడింప బోగా తరగతి సంతగా మారిపోవును. ఆతడు బెత్తము వెదకలేదు. తన ఉపాయమును మార్చుకొనెను. మరునాడు కథ చెప్ప నారంభింపగా, ఆ అల్లరి పిల్లలే నోరు మెదపక కూర్చుండిరి. కథల నుండి పుస్తకములు, పుస్తకముల నుండి చదువు, ఆటల నుండి క్రమము పుట్టుట ఆ పుస్తకమున చూడవచ్చును. మా అభిప్రాయమున ప్రతి గ్రంథాలయమునను ఉండదగిన పుస్తకమిది.

గిజూభాయితో పనిచేసిన తారాబాయి మోదక్ తరువాతి కాలమున మహారాష్ట్రములోని కోస్బాడులో అనుతాయి వాఘ్‌తో కలిసి గిరిజన శిశువుల నడుమ పనిచేసిరి. పశువులను కాయు పిల్లలు బడికి రాలేకున్నారని గమనించి, వారు బడినే పచ్చికబయలునకు తీసికొనిపోయిరి. పశువులు మేయుచుండగా చెట్టు నీడన చదువు సాగెను. ఇంటి ముంగిటనే శిశువులకు విద్య నేర్పు అంగన్‌వాడీ భావము సైతము తారాబాయి గారిదే. మన గ్రామములలోని అంగన్‌వాడీ కేంద్రములు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకము క్రింద వచ్చినవి. ఆ పేరు వెనుక ఇంత చరిత్ర యున్నదని సభ్యులలో కొందరికైనను క్రొత్తగా నుండవచ్చును.

ఇచ్చట మరియొక వాదమును గూర్చి చెప్పవలసియున్నది. అమెరికాలో జాన్ హోల్ట్ అను ఉపాధ్యాయుడు, పిల్లలు బడిలో ఏల విఫలులగుచున్నారో వివరించుచు 1964లో ఒక గ్రంథము ప్రకటించెను. 1977 నుండి బడి లేకయే పిల్లలను పెంచు కుటుంబముల కొరకు పత్రిక నడిపెను. పిల్లవాడు పుట్టుకతోనే జిజ్ఞాసువు, వాని ఆసక్తిని అనుసరించి పోయినచో చదువు దానంతట అదే వచ్చునని ఆయన వాదము. మన దేశమున సైతము పట్టణములలో కొన్ని కుటుంబములు ఈ మార్గమున నడచుచున్నవి. నడక, మాట నేర్చుకొనుటకు ఏ బిడ్డకును బెత్తము అవసరము కాలేదు గనుక, ఆ వాదములో సత్యము లేకపోలేదు. అయితే ఇంటినిండ పుస్తకములును, దినమంతయు తోడుండు విద్యావంతులైన తల్లిదండ్రులును గల పిల్లవాడు బడికి పోకుండుట వేరు. మిరప చేలో కాయలు కోయు పిల్ల బడికి పోకుండుట వేరు. మొదటిది ఎంపిక, రెండవదానిలో ఆ పిల్లను అడిగినవారు లేరు. మన పల్లెలలో బడి వెలుపల నున్న పిల్ల చేతిలో చాల తరచుగా కొడవలియో, తమ్ముని ఉయ్యాల త్రాడో ఉండును. కొన్నాళ్లకు మెడలో పుస్తె పడును.

రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 ప్రాంతమున ప్రారంభించిన కృషి ఇందుకు నిదర్శనము. వెట్టిలోను కూలిలోను నున్న పిల్లలను విడిపించి, ముందుగా శిబిరములలో ఉంచి, చదువునకు అలవాటుపరచి, పిదప వారి వయస్సునకు తగిన తరగతులలో చేర్పించిరి. పేదవారు తమ పిల్లలను చదివింపగోరరను మాట నిజము కాదని ఆ అనుభవము వలన తేలినది. ఆ సంస్థకు నాయకత్వము వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. తప్పిపోయిన పిల్లలను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని విద్యా హక్కు చట్టము 4వ సెక్షను సైతము చెప్పుచున్నది.

ఇక ఇంటి మాట. చుట్టము చేతి నుండి గ్లాసు జారిపడినచో ‘పరవాలేదు లెండి’ అందుము. అదే గ్లాసు ఏడేండ్ల బిడ్డ చేతి నుండి జారినచో వీపు విమానము మ్రోత మ్రోగును. ఇద్దరి చేతులును తడిగానే ఉండెను. బిడ్డను గౌరవించుట యనగా అడిగినదెల్ల ఇచ్చుట యని కొందరు అపోహపడుదురు. బావి గట్టు ఎక్కిన వానిని చేయి పట్టి దింపవలసినదే. ఏల దింపితిమో వానికి అర్థమగునట్లు చెప్పవలెను. నలుగురి ఎదుట అవమానింపరాదు. ఇంటి పని చెప్పునపుడు వాడు చదువుకొను వేళను చూచి చెప్పవలెను. స్వీడన్ దేశము 1979లోనే తల్లిదండ్రులు సైతము పిల్లలను కొట్టరాదని శాసనము చేసినది. ఇట్టి చట్టమును మొదట చేసిన దేశము అదియే.

పంచాయతీ సభ్యుల చేతిలో ఏమున్నదని అడుగవచ్చును. విద్యా హక్కు చట్టము 9వ సెక్షను ప్రకారము తన పరిధిలోని 14 ఏండ్ల లోపు పిల్లల వివరములు నమోదు చేయించుట, వారి చేరికను హాజరును గమనించుట, వలస వచ్చిన కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల విధులు. ఇటుక బట్టీలకు వచ్చినవారి పిల్లలు ఈ లెక్కలో తరచుగా జారిపోవుదురు. పిల్లల హక్కుకు భంగము కలిగినచో, 32వ సెక్షను ప్రకారము స్థానిక సంస్థకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. దానిని మూడు నెలలలో తేల్చవలెను. బడి నిర్వహణ సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది.

పొరుగున నున్న కర్ణాటక రాష్ట్రము మరియొక అడుగు ముందుకు వేసినది. అచ్చట కుందాపుర ప్రాంతమున పిల్లల పంచాయతీలు పనిచేసిన అనుభవము నుండి, ప్రతి గ్రామ పంచాయతీయు పిల్లల గ్రామసభ జరుపవలెనని 2006లో ప్రభుత్వము ఉత్తరువు చేసినది. వర్షకాలమున వాగు దాటుటకు కాలివంతెన వంటి కోరికలు ఆ పిల్లలు పెద్దల ముందుంచిరి. పెద్దవాడు మోకాలి లోతు నీటిలో దాటిపోవును. రెండవ తరగతి పిల్లకు ఆ నీరు నడుము దాటును. ఈ కొలత ఆ పిల్లకు తప్ప వేరొకరికి తెలియదు.

మన గ్రామములలో బాలసభ జరుపదలచిన సభ్యులు కొన్ని విషయములు గమనింపవలెను. ఉపన్యాసములకును దండలకును కాలము వ్యర్థము చేయరాదు. పెద్దలు వెనుక వరుసలో కూర్చుండవలెను. ఎదుట చెప్పుటకు జంకు గల పిల్లలు పేరు లేకుండ కాగితముపై వ్రాసి పెట్టెలో వేయుటకు వీలు కల్పింపవలెను. కొట్టువారి సంగతి అందులోనే బయటపడును. బాలికలను, బడికి రాని పిల్లలను, విడిచిపోయిన వాడలలోని పిల్లలను ముందు రోజే పిలువనంపవలెను. వచ్చిన కోరికలను తీర్మానముల పుస్తకమున వ్రాసి, ఏది జరిగినదో ఏది జరుగలేదో తరువాతి సభలో ఆ పిల్లలకే చెప్పవలెను. ఆపదలో నున్న పిల్లల సహాయమునకు పిలువదగిన 1098 అను ఉచిత సంఖ్యను బడి గోడపైనను పంచాయతీ కార్యాలయము గోడపైనను పెద్ద అక్షరములలో వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.