తిరుపతి దారిలో ఒక రోజు దిగితే గండికోట

కొండ అంటే షోలాపూర్‌లో మనకు తుల్జాపూర్ ఘాటే. పెళ్లికో చావుకో తెలంగాణ పోతాం, మొక్కు ఉంటే తిరుపతి పోతాం. ఆ తిరుపతి రైలు గుంతకల్, తాడిపత్రి దాటాక కిటికీలోంచి ఎండిన గుట్టలు చూసి, ఏముంది ఇక్కడ అని పడుకుంటాం. ఆ ఎర్రమల గుట్టల్లోనే పెన్నా నది కోసిన పెద్ద గండి ఉంది. దాని అంచున కోట. అందుకే గండికోట.

పోయిన డిసెంబర్‌లో మా ఇంటి నుంచి ఆరుగురం పోయాం. ఎర్రగుంట్లలో దిగి, బస్సులో జమ్మలమడుగు చేరాం. అక్కడి నుంచి ఆటోలో సుమారు 15 కిలోమీటర్లు. ఆ పక్క కూడా మగ్గాలున్న ఊళ్లే. నేతవాళ్లమని చెబితే ఆటో అతను మాట కలిపాడు.

కోటలో మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామియా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ దగ్గర దగ్గరే. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ వజీరు మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో ఇక్కడికే వచ్చి ఆయన్ని కలిశాడు.

మసీదు దాటి బండల మీద కొంచెం నడిస్తే నేల ఆగిపోతుంది. కింద సుమారు 300 అడుగుల లోతున పెన్నా. రెండు వైపులా ఎర్రరాతి గోడలు, చాదర్లు మడిచి దొంతర పెట్టినట్టు పొరలు పొరలుగా. నూరు కోట్ల ఏళ్లకు ముందు నీటి అడుగున పేరుకున్న ఇసుక బిగిసి రాయి అయ్యింది. ఆ రాయిని నది కొద్దికొద్దిగా కోసింది. అమెరికాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ మైలు కన్నా లోతు. ఇది చిన్నదే, కానీ కోత అదే తీరు.

మా నాయనకు 70 దాటాయి. మిల్లులో దూది దుమ్ము పీల్చిన ఛాతీ, నాలుగడుగులకు ఒకసారి ఆగాలి. డాక్టరును అడిగాకే తీసుకుపోయాం. గుడి నీడలో కూర్చుంటూ, లేస్తూ గంట పట్టినా అంచు దాకా వచ్చాడు. చాలాసేపు నీళ్లనే చూసి, "ఇన్ని నీళ్లు మన ఊర్ల ఉంటే మీ తాత షోలాపూర్ వస్తుండెనా?" అన్నాడు.

మాకు దారి చూపడానికి వచ్చిన ఊరి మనిషి అది విన్నాడు. "మా అత్తోళ్లది కొండాపురం పక్క ఊరు. డ్యాములో నీళ్లు నిలిపినాక ఊరే లేకపాయ పెద్దాయనా," అన్నాడు.

గండికోట జలాశయం కింద ఆ మండలంలో ఊళ్లు మునిగాయి. నీళ్లు లేక మనం ఊరు విడిచాం, నీళ్లు వచ్చి వాళ్లు విడిచారు. నాయన ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ తమ ఊళ్ల సంగతులు చెప్పుకుంటుంటే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. తాత ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చాడో వాళ్లు మొదటిసారి అడిగింది అక్కడే.

పోవాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, బండ కాలుతుంది. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. అంచు పొడవునా కంచె ఉండదు. ఫోటో కోసం వెనక్కి అడుగు వేయొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. లోయలోకి దిగాలంటే ఊరి మనిషిని తోడు తీసుకోండి, పొద్దు ఉండగానే పైకి వచ్చేయండి. దమ్ము, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పైనుంచి చూసినా చాలు.

అన్ని రైళ్లూ ఎర్రగుంట్లలో ఆగవు, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. ఈసారి తిరుపతి పోయేటప్పుడు ఒక్క రోజు ఎక్కువ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ తీసుకుపోండి. మీ ఊరి కథ ఇంకా అడగకపోతే, అడగడానికి అది మంచి చోటు.