ఎలుగున్న చోట ఎలుగెత్తాలి

“ఎలుగు” అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి కంఠధ్వని, రెండోది భల్లూకం. “ఎలుగెత్తి పిలిచాడు” అన్నప్పుడు మొదటిది. “ఎలుగుబంటి” అన్నప్పుడు రెండోది. ఈ రెంటికీ చుట్టరికం వుందో లేదో పండితులు తేల్చాలి గాని, అడవిలో మాత్రం మొదటిది వినిపిస్తే రెండోది తప్పుకుంటుందని పోచారం చెరువుగట్టున తెలుసుకున్నాను.

మా ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వి, వుడకబెట్టి, ఎండబెట్టి, మార్కెట్టుకు తోలేసరికి ఎండలు ముదురుతాయి. ఇక కాస్త వూపిరి పీల్చుకుందామంటే అందరి మనసూ నీళ్ళున్న చోటికే పోతుంది. పాత నిజామాబాదు, మెదక్ జిల్లాల సరిహద్దున వున్న పోచారం అటువంటి చోటు. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టిన ఆనకట్ట 1922లో పూర్తయింది. చుట్టూ వున్న అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం; 1952 నుంచి వన్యమృగాలకు రక్షితస్థలం. దుప్పులు, చిరుతలతోబాటు ఎలుగులూ వున్నాయక్కడ. మా వైపు దాన్ని “గుడ్డెలుగు” అంటారు.

నల్లటి జూలు, రొమ్ముమీద నామం లాంటి తెల్లమచ్చ, కొడవళ్ళ వంటి గోళ్ళు – ఇదీ దాని వాలకం. ఆ గోళ్ళు చూసే కాబోలు, 1791లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీన్ని దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే “స్లాత్” అనే బద్ధకపు జంతువుల జాతిలో చేర్చాడు. ఆ తరువాత ఎలుగేనని తేలింది గాని, ఇంగ్లీషులో ఆ బద్ధకపు పేరు మాత్రం దాన్ని వదల్లేదు. నిజానికి పరుగులో మనిషి దానికి సాటిరాడు!

కొన్నేళ్ళ కిందట చైత్రమాసంలో, అటవీశాఖ అనుమతి తీసుకుని, మేము నలుగురు మిత్రులం గట్టు పక్కన డేరా వేసుకున్నాం. తోడుగా ఒక వాచరు వచ్చాడు. నడిరాత్రి దాటాక ఎక్కడో కొలిమితిత్తి ఊదుతున్నట్టు చప్పుడయింది. “పుట్ట తవ్వుతున్నది సార్” అన్నాడు వాచరు. ఎలుగుకు పై దవడలో ముందరి పళ్ళు రెండుండవు. చెదలపుట్టను గోళ్ళతో చీల్చి, దుమ్మును వూది, ఆ సందులోంచి చెదలను జుర్రుకుంటుంది. ఆ చప్పుడే అది. వాచరు గట్టిగా దగ్గి, కర్రతో నేలమీద నాలుగు దెబ్బలు కొట్టాడు. చప్పుడు ఆగింది. ఎండుటాకులు గలగలమన్నాయి. ఆపైన అంతా నిశ్శబ్దం.

“మనమున్నమని దానికి ఎరుక చెయ్యాలె సార్. సప్పుడు లేకుంట ఎదురుపడితేనే మీద పడ్తది.”

అమెరికాలో యోసెమిటీ వనంలో విడిది చేసేవారు తిండి పదార్థాలను ఇనపపెట్టెల్లో పెట్టి మూయాలట. అక్కడి ఎలుగు మనిషి తిండికి మరిగింది. మన ఎలుగుకు చెదలు, చీమలు, తేనె, ఇప్పపూలు, తునికిపండ్లే ప్రాణం. చిక్కంతా అక్కడే వుంది. ఇప్పపువ్వు రాత్రి వేళ రాలుతుంది. ఏరుకునేవాళ్ళు తెల్లవారకముందే వస్తారు. ఎలుగూ అప్పుడే వస్తుంది. వేసవిలో తునికాకు కోసేవాళ్ళు పొదల మధ్య వంగి వుంటారు. ఆ పొదల నీడనే ఎలుగు పడుకుని వుంటుంది. దాని చూపూ వినికిడీ అంత చురుకు కావు. మనిషి మీదికొచ్చేదాకా తెలియక, తెలిసీ తెలియగానే బెదిరి, ముఖంమీదికే దూకుతుంది. మా జిల్లాలో ఎన్నో యిళ్ళల్లో ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని బీడీలు చుడతారు. ఆ చేటలోకి వచ్చే ఆకు వెనక యింత భయం వుందన్నమాట!

పిల్లాపాపలతో వెళ్ళేవారికి నాలుగు మాటలు. అనుమతి లేనిదే రాత్రి వుండవద్దు. ఎండుటాకుల అడవిలో నెగడు అసలే వద్దు. పొద్దు వాలాక ఒంటరిగా పొదల్లోకి పోవద్దు. పిల్లల్ని వీపున మోసుకుపోయే తల్లి ఎలుగు కనబడితే ఫోటో కోసం ఆగక, మెల్లగా వెనక్కి తప్పుకోండి, పరుగెత్తవద్దు. ఖర్మకాలి మీద పడితే బోర్లా పడుకుని, మెడమీద రెండు చేతులూ గట్టిగా పెట్టుకోవాలి. 1972 నాటి చట్టం దాన్ని వేటాడరాదంటున్నది. కాబట్టి ఇద్దరం ఒకే అడవిలో మసలక తప్పదు.

మర్నాడు తెల్లవారుజామున ఇప్పపువ్వుకు వచ్చిన ఆడవాళ్ళు అత్తల సంగతులూ, కూలిరేట్లూ గట్టిగా మాట్లాడుకుంటూ చీకట్లోంచి నడిచి వచ్చారు. పొద్దుపోక చెప్పుకునే కబుర్లు కావవి. ప్రాణరక్షణకు వాళ్ళు ఎత్తిన ఎలుగు.